పక్షుల గుంపులో వార్త ఎట్లు ప్రాకును? పంట కాపుదలకు పనికివచ్చు కొన్ని సంగతులు



జొన్న కంకి పాలు పోసుకొను దినములలో తెల్లవారగనే చేనిగట్టు మీద నిలిచి చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. వందల పిట్టలు చేనిలో వాలి యుండును. మీరు ఒక మూల నిలిచి వడిసెల విసరుదురు. రాయి పడినది ఒక్క చోట. దానిని చూచినవి నాలుగైదు పిట్టలు. కాని రెప్పపాటులో చేనిలోని పిట్టలన్నియు లేచును. గాలిలో ఒక్క దుప్పటి వలె మలుగును. మీరు ఇంకొక రాయి ఏరుకొనులోపల ఒక చుట్టు తిరిగి, అవతలి మూల మరల వాలును.

ఆ నాలుగైదు పిట్టలు చూచిన సంగతి తక్కిన వందలకు ఎవరు చెప్పిరి? మరల వాలుటకు భయము లేదని ఎవరు చెప్పిరి? అసలు మీ చేనిలో గింజ పాలు పోసుకొన్నదని ఈ గుంపునకు ఎట్లు తెలిసినది?

ఈ ప్రశ్నలు వినోదమునకు వేసినవి కావు. పక్షుల బాధ పడలేక జొన్న, సజ్జ, ప్రొద్దుతిరుగుడు వేయుటయే మానుకొన్న రైతులు మనలో కలరు. వేసినవారు ఉదయము, సాయంత్రము మంచె మీద మనిషిని నిలుపవలసి వచ్చుచున్నది. కూలికి మనిషి దొరకనపుడు బడికి పోవలసిన పిల్లవాడు మంచె ఎక్కుచున్నాడు. గుంపులో వార్త ఎట్లు నడచునో తెలిసికొన్నచో, ఏ దినమున, ఏ వేళ కావలి కాయవలెనో, ఏ సాధనము ఎందులకు వ్యర్థమగుచున్నదో మనకు బోధపడును.

గుంపునకు పెద్ద ఎవరు?

గుంపు అంతయు ఒక్కసారి మలుగుట చూచి, దానికి ఒక పెద్దపిట్ట యుండి ఆజ్ఞ ఇచ్చుచున్నదని పూర్వము పలువురు తలచిరి. ఇంగ్లండులో ఎడ్మండు సెలూసు అను పక్షి పరిశీలకుడు చాల సంవత్సరములు పొలములలో గుంపులను చూచి, పిట్టలు ఒకదాని మనస్సును ఒకటి నేరుగా తెలిసికొనుచున్నవేమో అని 1931 లో ఒక గ్రంథమే వ్రాసెను. కంటికి అందని వేగము కనుక ఆయన కట్లు తోచినది.

తరువాత కెమేరా వచ్చి ఈ చిక్కు విడదీసినది. అమెరికాలో వేన్ పాట్సు అను శాస్త్రజ్ఞుడు సముద్రపు ఒడ్డున బురదలో మేత ఏరుకొను చిన్న ఉల్లంకి జాతి పిట్టల గుంపులను ఫిల్ము తీసి, ఒక్కొక్క బొమ్మను విడిగా పరిశీలించి 1984 లో ఫలితములు ప్రకటించెను. మలుపును ఎప్పుడును ఒకే పిట్ట గాని, కొద్ది పిట్టలు గాని మొదలుపెట్టుచున్నవి. అది ఎల్లప్పుడు ఒకే పిట్ట కాదు. అక్కడి నుండి మలుపు అల వలె ప్రక్క పిట్టకు, దాని ప్రక్క దానికి ప్రాకుచున్నది.

ఇందులో ఒక వింత కలదు. ఒంటరి పిట్టను బెదరించినపుడు అది కదలుటకు సెకనులో వెయ్యింట 38 వంతుల కాలము పట్టినది. గుంపులో మాత్రము ఒక పిట్ట నుండి ప్రక్క పిట్టకు మలుపు చేరుటకు వెయ్యింట 15 వంతులే పట్టినది. కారణము కష్టమైనది కాదు. ఇల్లు అంటుకొన్నపుడు బావి నుండి ఇంటి దాక మనుషులు వరుసగా నిలిచి నీళ్ళ కుండలు అందించుకొందురు. వరుసలో మొదటివాడు కుండ చేతికి వచ్చిన పిమ్మట కదలును. పదవవాడు దూరము నుండియే కుండ వచ్చుట చూచి చేతులు చాచి సిద్ధముగా నుండును. పిట్టయు అట్లే. అది ప్రక్క పిట్టను మాత్రమే చూచుట లేదు. దూరమున వచ్చుచున్న అలను చూచి ముందే సిద్ధపడుచున్నది.

ఇటలీ దేశమున రోము నగరములో చలికాలపు సాయంత్రములందు మన గోరువంకల జాతికి చెందిన స్టార్లింగు పక్షులు వేలకొలది రాత్రి బసకు చేరును. అచటి శాస్త్రజ్ఞులు రైలు స్టేషను ఎదుటనున్న మేడ పైకప్పున కెమేరాలు అమర్చి, గుంపులోని ప్రతి పిట్ట యున్న చోటును లెక్కగట్టిరి. ప్రతి పిట్టయు తనకు దగ్గరగా నున్న ఆరేడు పిట్టలను మాత్రమే అనుసరించుచున్నదని 2008 లో తేల్చిరి. గుంపు దట్టముగా నున్నను, పలుచగా నున్నను ఈ లెక్క మారదు. 2014 లో వారే మరియొక సంగతి చూపిరి. మలుపు వార్త గుంపులో సెకనుకు 20 నుండి 40 మీటర్ల వేగమున సాగుచున్నది. ఇది ఆ పిట్టలు ఎగురు వేగము కంటె ఎక్కువ. మన ఊరిలో ఒక మాట ఈ చివర బయలుదేరి ఆ చివర చేరునప్పటికి రూపు మారిపోవును. ఈ గుంపులలో వార్త దూరము పోయినకొలది బలహీనపడుట లేదు.

కాబట్టి గుంపునకు పెద్ద లేడు. ప్రక్క పిట్టయే వార్తాహరి. మీరు గుంపునంతటిని బెదరింపనక్కరలేదు. కొన్నింటిని నిజముగా బెదరించిన చాలును. అట్లే గుంపునంతటిని మీరు ఆకర్షింపనక్కరలేదు. కొన్నింటికి మీ చేను రుచించిన చాలును. మనకు మేలును, కీడును రెండును ఇందులోనే కలవు.

గుంపు కట్టుట వలన పిట్టకు లాభము

ఇంగ్లండులో ఒక పరిశోధకుడు మచ్చిక చేసిన డేగను అడవి పావురముల మీదికి వదలి, 1978 లో ఫలితములు ప్రకటించెను. ఒంటరి పావురము మీదికి వదలినపుడు డేగ పదింట సుమారు ఎనిమిది మారులు దానిని పట్టినది. యాబది దాటిన గుంపు మీదికి వదలినపుడు పదింట ఒక మారు మాత్రమే పట్టగలిగినది. గుంపులో కన్నులు ఎక్కువ గనుక డేగను చాల దూరముననే చూచి లేచిపోవుచుండెను.

ఈ లాభమునకు తోడు వేరొకటి కలదు. ప్రక్కవి కూడ కాపు కాయుచున్నవి కనుక గుంపులోని పిట్ట మాటిమాటికి తల ఎత్తి చూడనక్కరలేదు. ఆ మిగిలిన కాలము తినుటకు వినియోగించును. అనగా వంద పిట్టల గుంపు చేయు నష్టము ఒంటరి పిట్ట చేయు నష్టమునకు వంద రెట్లు మాత్రమే కాదు, అంతకంటె ఎక్కువ కావచ్చును.

ఆపద వార్త

కొన్ని జాతులలో పిట్ట అరచి ఆపదను తెలుపును. చిలుకలు, గోరువంకలు అరచుట మీరు వినియే యుందురు. కాని అరుపు లేకున్నను వార్త పోవును. ఆస్ట్రేలియాలో తలపై కుచ్చు గల ఒక పావురము కలదు. అది ఎగురునపుడు రెక్కల నుండి ఈల వంటి ధ్వని వచ్చును. శాస్త్రజ్ఞులు ఆ ధ్వనిని రికార్డు చేసి తక్కిన పావురములకు వినిపించి, 2009 లో ఫలితములు తెలిపిరి. మామూలుగా లేచిన పావురపు రెక్కల ధ్వని విన్నపుడు అవి మేత మానలేదు. బెదరి లేచినదాని ధ్వని విన్నపుడు మాత్రము లేచిపోయినవి. రెక్కలోని 8 వ పెద్ద ఈక చాల సన్నముగా నుండుటయే ఆ ధ్వనికి కారణమని 2017 లో తెలిసినది. ఆ ఈక తీసివేసిన పావురము బెదరి లేచినపుడు కలిగిన ధ్వనిని వినిపించిన, వినినవి చాలవరకు లేచిపోలేదు.

ఈ పావురము ఇతరులకు చెప్పవలెనని తలచి చెప్పుట లేదు. తొందరగా పారిపోవుటలోనే వార్త యున్నది. కనుక అందులో అబద్ధమునకు తావు తక్కువ. మన చేనిలో కూడ ఒక పిట్ట నెమ్మదిగా లేచిపోయిన తక్కినవి పట్టించుకొనవు. కడుపు నిండి పోయినదనుకొనును. రెండు మూడు పిట్టలు ఒక్కసారి దిగ్గున లేచిన యెడల మాత్రము అన్నియు లేచును.

అబద్ధపు వార్త నిలువదు

ప్రతి చప్పుడునకు లేచు పిట్టకు కడుపు నిండదు. అందుచేత ఏ బెదరింపు వట్టిదో పిట్టలు త్వరలో నేర్చుకొనును. దిష్టిబొమ్మ చేయి మీద కాకి కూర్చుండుట మీరు చూచినదే. మొదట కొన్ని ధైర్యము గలవి దానికి దగ్గరగా వాలును. వానికి ఏమియు కాలేదు. అవి తినుచుండగా చూచి ప్రక్కవి వాలును. ఆపద వార్త వలెనే అభయపు వార్తయు ప్రక్కదానిని చూచియే ప్రాకును. మీరు కట్టిన బొమ్మను, మ్రోగించిన డబ్బాను ప్రతి పిట్టయు విడిగా పరీక్షింపదు. కొన్ని పరీక్షించిన చాలును. మంచి సాధనములు కూడ కొలది దినములలో పనికిరాక పోవుటకు ఇదియే ముఖ్య కారణము.

ఆహారపు వార్త

ఆహారపు వార్త ఆపద వార్త వలె రెప్పపాటులో నడచునది కాదు. అది దినముల మీద నడచును. చిలుకలు, గోరువంకలు పగలెల్ల వేరువేరు చోట్ల మేసి, రాత్రి ఒకే చోట బస చేయును. మేత దొరకని పిట్టలు ఉదయమున, కడుపు నిండిన వాని వెంట బయలుదేరి మేతను కనుగొనునని 1973 లో వార్డు, జహావి అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. ఇది అన్ని జాతులలో జరుగునా లేదా అని తరువాత చాల వాదములు జరిగినవి. కాని మన గిజిగానికి చుట్టమై, ఆఫ్రికాలో జొన్న, సజ్జ పంటలను కొల్లగొట్టు క్వెలియా అను పిట్టలతో చేసిన ఒక ప్రయోగము 1980 లో ప్రకటింపబడినది. ఒక గుంపునకు నీరున్న గది మాత్రము తెలియును. వేరొక గుంపునకు మేత యున్న గది మాత్రము తెలియును. రెండు గుంపులను కలిపి యుంచి దప్పిగొనజేసినపుడు, నీటి జాడ తెలియనివి తెలిసిన వాని వెంట పోయినవి. ఆకలిగొనజేసినపుడు మేత జాడ తెలియనివి తెలిసిన వానిని అనుసరించినవి.

తెలిసినవి ఎన్ని యుండవలెను? గుంపు పెద్దదైన కొలది అందులో దారి తెలిసినవాని పాలు తక్కువైనను చాలునని 2005 లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కలు వేసి చూపిరి. తరువాత జర్మనీలో దీనిని మనుషులతోనే పరీక్షించిరి. 200 మందిని ఒక పెద్ద సావడిలో నడువుడని, మాటలాడవద్దని, గుంపు విడువవద్దని చెప్పిరి. 10 మందికి మాత్రము చేరవలసిన చోటు రహస్యముగా తెలిపిరి. ఆ 10 మంది నడక వలన గుంపు ఆ చోటికి చేరినది. తమను ఎవరో నడిపించుచున్నారని చెప్పినవారు లేరు, చెప్పవలసిన పనియు లేదు.

నేను చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట విత్తనము కొరకు ఒక మడిలో ప్రొద్దుతిరుగుడును చుట్టుప్రక్కల పొలముల కంటె మూడు వారములు ముందుగా విత్తించితిని. మొగ్గ తొడుగకముందే దిష్టిబొమ్మ, మెరుపు రిబ్బను, డబ్బాల మ్రోత, అన్నియు ఒకేసారి పెట్టించి తృప్తిపడితిని. గింజ కట్టునప్పటికి ఆ ప్రాంతపు పిట్టలకు అవి అన్నియు పాతవైపోయినవి. ఒక ఉదయమున మూడు చిలుకలు పూల మీద వాలియుండుట చూచితిని. మూడే కదా అని ఊరకుంటిని. మరునాడు పది పన్నెండు వచ్చినవి. ఆ వారము ముగియునప్పటికి లెక్కపెట్టుటకు వీలు లేకపోయినది. పువ్వుల నడుమ పొల్లు మాత్రమే మిగిలినది.

మడిలో కలుపు తీయుటకు వచ్చు ఒక అవ్వ ఆ పువ్వులను చేతితో తడవి చూచి ఇట్లనెను: “మూడొచ్చిన నాడు ఊకున్నవు సారూ. ఆ మూడు పోయి ఊరందరిని పిల్సుకొచ్చినయి.”

పైన వ్రాసిన పరిశోధనలన్నియు నేను అప్పటికే చదివి యుంటిని. అవి చేనికి ఎట్లు అన్వయించునో ఆ అవ్వ మాట వలన తెలిసినది. వార్త బయలుదేరు దినమున మూడు పిట్టలను ఆపుట సులభము. వార్త ప్రాకిన పిమ్మట మూడు వందలను ఆపుట కష్టము.

రైతులు చేయవలసిన పనులు

1. కలిసి విత్తుడు. ఒక పట్టులోని రైతులందరు ఒకే కాలపరిమితి గల రకమును, సాధ్యమైనంత వరకు ఒకే వారములో విత్తవలెను. పిట్టలు తిను గింజ పది చేలలో పంచుకొనబడును. అందరికంటె ముందు గింజ కట్టిన చేను, అందరికంటె వెనుక నిలిచిన చేను ఒంటరిగా నష్టపడును.

2. మొదటి పిట్టల మీద కన్ను వేయుడు. జొన్న, సజ్జలలో గింజ పాలు పోసుకొనుట మొదలు, ప్రొద్దుతిరుగుడులో గింజ కట్టుట మొదలు, ప్రతి ఉదయము చేను చుట్టి రావలెను. రెండు మూడు పిట్టలు వాలినను ఉపేక్షింపరాదు. ఆ మొదటి దినముల కావలి తరువాతి వారముల కావలి కంటె విలువైనది.

3. వాలకముందే తరుముడు. కడుపు నిండా తిన్న పిమ్మట తరిమిన పిట్ట మరల వచ్చును. ఉదయము తెల్లవారినది మొదలు రెండు మూడు గంటలు, సాయంత్రము ప్రొద్దు క్రుంకుటకు ముందు రెండు గంటలు పిట్టలు ఎక్కువగా తినును. ఉన్న మనిషిని ఆ వేళలందు నిలుపుడు. ఎండవేళ మంచె మీద మనిషిని ఎండబెట్టుట వలన లాభము తక్కువ.

4. సాధనములను ముందుగా పెట్టకుడు. గింజకు అపాయము కలుగు దినములు వచ్చినపుడే పెట్టవలెను. మెరుపు రిబ్బనును పైరు పైన ఒక అడుగు ఎత్తున, ఎండ దానిపై పడి తళతళలాడునట్లు ఉత్తర దక్షిణ దిశలలో కట్టవలెను. రిబ్బనుకు ఒక మెలిక వేసి కట్టిన గాలికి కదలి మెరపును, చప్పుడును కలిగించును.

5. ఒకే సాధనమును ఒకే చోట ఉంచకుడు. రెండు మూడు దినములకొక మారు దిష్టిబొమ్మ చోటు, చొక్కా మార్చుడు. డబ్బా ఒక దినము మ్రోగిన మరునాడు వడిసెల పట్టుడు. అప్పుడప్పుడు బొమ్మ యున్న చోటనే మనిషి నిలిచి తరుమవలెను. బెదరింపులో నిజము కొంచెమైనను కలిసి యున్నపుడే పిట్టలు దానిని నమ్మును.

6. గుంపు నడుమ బెదరించుడు. గట్టు మీద నుండి ఒక పిట్టను లేపుట కంటె, చేని నడుమ చప్పుడు చేసి నాలుగైదింటిని ఒక్కసారి దిగ్గున లేపుట మేలు. తక్కిన పని అవియే చేయును.

7. ప్రక్క చేనివారితో వంతులు వేసికొనుడు. మీరు తరిమిన గుంపు ప్రక్క చేనిలో వాలి, అక్కడ కాపు లేదని తెలిసికొని, మీరు ఇంటికి పోయిన పిమ్మట తిరిగి వచ్చును. నాలుగు చేలవారు కలిసి వంతులు వేసికొని కావలి కాచిన, మనిషికి వారమునకు మూడు నాలుగు పూటలకు మించి పని పడదు. పిల్లలను బడి మాన్పింపవలసిన అవసరము తప్పును.

8. మొక్కజొన్నలో గట్టు వెంబడి యున్న సాళ్ళలోని పొత్తులను, ఆ మొక్క ఆకులతోనే చుట్టి కట్టవచ్చును. పిట్టలు మొదట దిగునది అంచు సాళ్ళలోనే గనుక ఆ కొద్దిపాటి పని వలన మంచి ఫలితము కలుగును.

9. పండిన పైరును నిలువనీయకుడు. కోతకు వచ్చిన జొన్నను కూలి దొరకలేదని వారము ఆపిన, ఆ వారములో వార్త ఎంత దూరము పోవునో ఇప్పుడు మీకు తెలియును.

విషము, వలలు వద్దు

కోపము వచ్చి గింజకు మందు కలిపి చల్లువారు, వల పన్నువారు కలరు. చిలుకలు మొదలగు అడవి పక్షులను చంపుట, పట్టుట 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. నేరము అటుండనిండు, లాభమును లేదు. విషము తిన్న పిట్ట నెమ్మదిగా చచ్చును; ప్రక్కదానికి ఏ వార్తయు అందదు. పైగా ఆ గింజను కోళ్ళు, పశువులు తినవచ్చును. మీ జొన్నను తిను గులాబి రంగు గోరువంకలు మిడుతలను, పురుగులను కూడ విశేషముగా తినును. మనకు అవి నష్టము చేయునది పైరు గింజ మీద నున్న కొలది వారములు మాత్రమే.

పైన చెప్పిన పనులు అన్నియు చేసినను ఒక్క గింజయు పోదని మేము చెప్పుట లేదు. కరవు సంవత్సరమున, అడవిలో మేత లేని కాలమున పిట్టలు ఎంత భయమునైన లెక్కచేయక దిగును. కాని ఎక్కువ సంవత్సరములలో నష్టము మొదటి వారములోనే నిర్ణయమగుచున్నది.

ఈ మారు విత్తుటకు పూర్వము మీ పట్టులోని రైతులు ఒక సాయంత్రము కూర్చుండి రెండు విషయములు తేల్చుకొనుడు: ఏ వారము విత్తవలెను, గింజ పాలు పోసుకొన్న నాడు ఎవరి వంతు ముందు. ఆ రెండును తేలిన పిమ్మట రిబ్బను కొనుటకు అంగడికి పోవచ్చును.